పదిన్నరకు ఏడు చుట్లు

ఆ రోజుల్లో నాకు గట్టిగా మాట్లాడే జబ్బు ఉండేది. అది జబ్బని నేనేమీ అనుకోలేదు, గుంటూరు వచ్చాకే తెలిసింది. మాది కొత్తపట్నం పక్కన సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె. అలల హోరు మీద మాట వినపడాలంటే అక్కడ గొంతు ఎత్తాల్సిందే. మా అమ్మ వంటింట్లోంచి "ఇంకాస్త కూర వేసుకుంటావా?" అని నన్ను అడిగితే పక్కింటివాళ్లు "చాల్లే అక్కా" అని సమాధానం చెప్పేవారు. ఇంట్లో రహస్యం మాట్లాడాలంటే ఊరి బయట సరుగుడు తోటదాకా నడవాలి. (అక్కడికి నడుస్తున్నామంటే రహస్యం ఉందని ఊరంతా కనిపెట్టేది, అది వేరే సంగతి.) అలాంటి చోట పుట్టి పెరిగినవాడికి ఒంటరితనం అనేది పుస్తకాల్లో చదివిన మాటే గాని ఒంటి మీదకు వచ్చింది కాదు. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, "పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు మనసు నిలవడానికి మీరేం చేస్తారు సార్?" అని అడిగింది. "ఒకటి రెండు చిన్న అలవాట్లున్నాయమ్మా, రాసింది పైకి చదువుకుంటాను, కాసేపు నడుస్తాను" అన్నాను. ఆమె పుస్తకం తెరిచి కలం పట్టుకుని, "ఇంకా?" అంది. ఇంకేమీ లేదంటే నమ్మలేదు, పెద్దాయన ఏదో దాస్తున్నాడనుకుంది. దాచింది ఉన్నమాట నిజమే. ఆ రెండు ముక్కల వెనక ఒక మిరపకాయల సీజనంతా ఉంది.

డిగ్రీ అయ్యాక నేను చేరిన మూడో ఉద్యోగం అది. మొదటిది ఒంగోల్లో ఫోన్ల దుకాణంలో, తొమ్మిది రోజులు. రెండోది మార్టూరులో రాయి పాలిష్ చేసే యూనిట్లో, నెలకు రెండు రోజులు తక్కువ. రెండు చోట్ల నుంచీ ఇంటి మీద బెంగతో బస్సెక్కి వచ్చేశాను. రెండోసారి వచ్చినప్పుడు మా మేనమామ వాకిట్లోనే నిలబెట్టి, "ఈసారి గాని తిరిగొచ్చావా, ఇంక ఆఫీసు మాట ఎత్తమాక. వల భుజానేసుకుని నాతోపాటు పడవెక్కు" అన్నాడు. అందులో తప్పేముందని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో అందరూ చేసే పనే, నాకూ చిన్నతనం కాదు. చిక్కల్లా ఒకటే, పడవ ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. ఒడ్డు నుంచి రాయి విసిరినంత దూరం వెళ్లేలోపల తిన్నదంతా సముద్రానికి సమర్పించుకుంటాను. మా పల్లె పుట్టిన దగ్గర్నుంచి అలాంటి వాణ్ణి చూడలేదట. చిన్నప్పుడు మా నాన్న నన్ను పడవలో కూర్చోబెట్టుకుని వెళ్లి, అరగంటలో వెనక్కి తెచ్చి మా అమ్మ చేతుల్లో పెట్టి, "వీణ్ణి చదివించు" అని ఒకే ఒక్క మాట అన్నాడు. నా చదువు అలా మొదలైంది. కాబట్టి మూడో ఉద్యోగం నిలబెట్టుకోవడం అంటే నాకు జీతం ఒక్కటే కాదు, ఊళ్లో తలెత్తుకు తిరగడం కూడా.

మూడోది గుంటూరు దాటాక, చిలకలూరిపేట వెళ్లే దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. మేనేజరుగారు సన్నటి గొంతు మనిషి. పక్కన నిలబడ్డవాళ్లకు కూడా ఆయన మాట సగమే అందేది, మిగతా సగం ముఖం చూసి ఊహించుకోవాలి. మొదటి రోజు నేను గుమ్మంలో నిలబడి "నమస్కారమండీ!" అన్నాను. ఆయన చేతిలోని టీ చొక్కా మీదకు వచ్చింది. నెమ్మదిగా రుమాలుతో తుడుచుకుని, "ఏమయ్యా, నేనిక్కడే ఉన్నా. నడిసముద్రంలో లేను" అన్నారు. ఆఫీసులో ఉన్న ఐదుగురూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. ఆ సాయంత్రం గదికి వచ్చి అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడటం సాధన చేశాను. నా మెల్లగొంతు నాకే పరాయిగా, ఎవరో జ్వరం వచ్చినవాడు లోపల్నుంచి మాట్లాడుతున్నట్టు వినిపించింది. దానికంటే మాట్లాడకపోవడమే మేలని తేల్చుకున్నాను. అప్పట్నుంచి అవునంటే తల ఊపడం, కాదంటే అడ్డంగా ఊపడం, తెలియదంటే రెండూ కలిపి ఊపడం. నెల తిరిగేసరికి అందరూ నన్ను మూగవాడికి ఎక్కువ, మామూలువాడికి తక్కువ అన్నట్టు చూడసాగారు.

పని చెప్పుకోవడానికి చాలా సులువు. రైతుల మిరపకాయల బస్తాలు (టిక్కీలంటారు అక్కడ) లారీల్లో, ట్రాక్టర్లలో వస్తాయి. వాటిని ఏ చాంబర్లో ఏ అంతస్తులో పెట్టాలో చీటీ రాసి హమాలీలకు ఇవ్వాలి, అదే రిజిస్టర్లో ఎక్కించాలి. అంతే. కాకపోతే సీజన్లో గేటు బయట అరకిలోమీటరు పొడుగున బండ్లు నిలబడి ఉంటాయి, అన్నీ ఒకేసారి హారన్ కొడతాయి, కారం గాల్లో ఉంటుంది, ముక్కూ కళ్లూ కారుతూ ఉంటాయి, నా మనసేమో కొత్తపట్నంలో ఉంటుంది. రెండో వారంలోనే ఒక రైతు బస్తాలకు రెండో చాంబరు మూడో అంతస్తు అని రాయాల్సింది, మూడో చాంబరు రెండో అంతస్తు అని రాశాను. ఆ రైతు తన సరుకు కోసం వచ్చిన రోజున హమాలీలు మంకీ క్యాపులు పెట్టుకుని, కంబళ్లు కప్పుకుని, బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే లోపల చలికి పళ్లు కొరుక్కుంటూ పొద్దస్తమానం వెతికారు. సాయంత్రం హమాలీల ముఠా పెద్ద బయటికి వచ్చి నా వంక ఒక చూపు చూశాడు. ఆ చూపుకు నాకూ ఒక కంబళి కావాలనిపించింది.

రెండో తప్పు ఇంకా గొప్పది. ఒకే ఊరు, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రైతులు ఒకే రోజున సరుకు తెచ్చారు. ఇద్దరినీ ఒకరే అనుకుని నేను చీటీలు తారుమారు చేశాను. నిగనిగలాడే ఎర్రకాయ పెట్టినాయనకు రంగు పోయిన తెల్లటి తాలు కాయ బయటికి వచ్చింది. ఆయన ఒక కాయ పట్టుకుని ఆఫీసు మధ్యలో నిలబడి, "ఇది నా కాయా? నా చేలో కాసిన కాయ నాకు తెలవదా? నా కొడుకుని నేను గుర్తుపట్టనా?" అని ఏడ్చినంత పని చేశాడు. సరుకు దొరికింది, ఆయన శాంతించాడు, వెళ్తూ వెళ్తూ నన్ను చూసి "పిల్లోడు ఏదో దిగుల్లో ఉన్నాడు" అని నన్నే ఓదార్చాడు. మేనేజరుగారు మాత్రం సాయంత్రం పిలిచి, "ఇది రెండోది. మూడోది జరిగితే ఒంగోలు బస్సు ఎక్కు. కావాలంటే నేనే ఎక్కిస్తా" అన్నారు. ఆ ఒక్క వాక్యం మాత్రం నాకు మొత్తం వినపడింది.

నేనుండే గది రోడ్డు పక్కన ఎరువుల దుకాణం పైన. ఒక మంచం, ఒక ఫ్యాను, ఒక కిటికీ. సాయంత్రం గదికి వచ్చి తలుపు వేసుకుంటే నిశ్శబ్దం చెవుల్లో దూది కుక్కినట్టు ఉండేది. మా ఊళ్లో పుట్టిన దగ్గర్నుంచి ఆగని చప్పుడు ఒకటి ఇక్కడ ఆగిపోయింది. ఫోన్లో సముద్రం చప్పుడు వీడియో పెట్టుకుని చూశాను. ఏదో పరాయి దేశపు సముద్రం, అలలు బాగానే ఉన్నాయి గాని ఒడ్డున ఎవరూ ఎవర్నీ తిట్టడం లేదు. ఐదు నిమిషాలు విని ఆపేశాను. ఆదివారాలు బస్టాపులో కూర్చుని ఒంగోలు వెళ్లే బస్సుల బోర్డులు చదివేవాణ్ణి. కండక్టర్లు "వస్తావా?" అని అడిగేవారు. తల అడ్డంగా ఊపేవాణ్ణి. నాలుగో ఆదివారానికి వాళ్లూ అడగడం మానేశారు.

అలాంటి సమయంలో ఫోన్లో నాకొక గురువు దొరికాడు. తెల్లచొక్కా వేసుకుని, తెల్లటి గదిలో తెల్లటి సోఫా మీద కూర్చుని, "మీ రోజును మీరు నడపండి, రోజు మిమ్మల్ని నడపకూడదు" అని చెప్పే మనిషి. మనసు నిలవాలంటే తొమ్మిది అలవాట్లు చేసుకోమన్నాడు. నేను అట్ట మీద తొమ్మిది గడులు గీసి గోడకు అతికించాను. మొదటిది తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం. ఏప్రిల్ నెలలో మేడ మీది ట్యాంకులో చన్నీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి? తెల్లారి నాలుగింటికి కూడా ఆ నీళ్లలో బియ్యం వేస్తే ఉడికేవి. రెండోది ప్రతిరోజూ మూడు మంచి విషయాలు రాసుకోవడం. మొదటి రోజు "ఇవాళ ఎవరూ తిట్టలేదు" అని రాసి, మిగతా రెండింటి కోసం గంటసేపు కలం కొరుక్కున్నాను. మర్నాడు "ఇవాళ ఒక్కరే తిట్టారు, అదీ మెల్లగా" అని రాశాను.

మూడోది బహిరంగ ప్రదేశంలో నిలబడి గుండెల నిండా గాలి పీల్చడం. స్టోరేజీ ఆవరణలోనే ఒక పెద్ద రేకుల షెడ్డు ఉండేది. అందులో యాభై అరవై మంది ఆడవాళ్లు మిరపకాయల రాశుల ముందు కూర్చుని ముచ్చికలు, అంటే తొడిమలు, తీస్తూ ఉండేవారు. నేను తొమ్మిదింటికి ముందే వచ్చి ఆ షెడ్డు పక్కన ఎవరూ చూడని చోట నిలబడి, కళ్లు మూసుకుని, గురువు చెప్పినట్టు నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి లోపలికి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల గచ్చు మీది నిన్నటి కారం దుమ్ము ఊడవడం మొదలుపెట్టారు. ఏడు అంకెలదాకా ఊపిరి బిగబట్టమన్నాడు గురువు. రెండు కూడా లెక్కపెట్టలేదు. నేను తుమ్మిన మొదటి తుమ్ముకు షెడ్డు మీది పావురాలు లేచాయి. తర్వాత ఎన్ని తుమ్మానో నాకు తెలియదు. లోపల్నుంచి ఎవరో ఆడమనిషి "యా అల్లా, ఎవుర్రా అది?" అంది, వెంటనే అందరూ నవ్వారు. నేను కళ్లు కనపడక గోడ తడుముకుంటూ ఆఫీసులోకి వచ్చి, దుమ్ము పట్టిన చేత్తోనే కళ్లు నులుముకున్నాను. (ఆ ప్రాంతంలో ఐదేళ్ల పిల్లలు కూడా చేయని పని అది.) ఆ రోజు మధ్యాహ్నందాకా నాకు రిజిస్టరు రెండుగా కనిపించింది.

తొమ్మిది గడుల అట్ట చింపి మూడు గడుల అట్ట చేసుకున్నాను. ఒకటి, ప్రతి చీటీ రాశాక దాని మీద వేలు పెట్టి ఒకసారి పైకి చదవడం. మా నాన్న వల ముడులు చూసేటప్పుడు ఒక్కో ముడి మీద వేలు పెట్టి గట్టిగా లెక్కపెడతాడు, అది గుర్తొచ్చి పెట్టుకున్నాను. రెండు, పదిన్నరకు కుర్చీలోంచి లేచి ముచ్చికల షెడ్డు చుట్టూ ఏడు చుట్లు నడవడం. ఏడే ఎందుకంటే ఎనిమిదో చుట్టుకు ఎండ మాడు పగలగొట్టేది. మూడోది, సాయంత్రం నాలుగు కాగానే కుళాయి దగ్గర ముందు చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్ది, ఆ తర్వాత మాత్రమే ముఖం కడుక్కోవడం. ఇంతే. ఇంత చిన్న పనులు చేయకపోతే సిగ్గుచేటని చేసేవాణ్ణి.

చీటీ చదవడం మొదట్లో గొణిగేవాణ్ణి. లారీ హారన్లలో నా గొణుగుడు నాకే వినపడేది కాదు. రెండు రోజులు చూసి, మూడో రోజున తెలియకుండానే మా ఊరి గొంతు బయటికి వచ్చింది. "మూడో చాంబరు! ఒకటో అంతస్తు! ఎడమ పక్క!" మేనేజరుగారు అద్దాల గదిలోంచి తలెత్తి చూశారు. లేచి తలుపు వేసుకున్నారు. ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ వారం ఒక్క బస్తా కూడా తప్పిపోలేదు. రోజు మొత్తం మీద నేను మాట్లాడే మాటలు అవే. చాంబర్లు, అంతస్తులు, కుడి, ఎడమ. మనిషితో మాట్లాడినవి కావు గాని, నా గొంతు నాకు వినపడేది, అదే పదివేలు అనిపించేది.

అట్ట మీద టిక్కులు పెరుగుతూ వచ్చాయి. వారం, రెండు వారాలు, మూడు. పరీక్ష పాసైనవాడిలా ఎవరికైనా చూపించాలనిపించేది. ఎవరికి చూపించాలి? ఎరువుల దుకాణం ఆయనకు నా పేరు కూడా తెలియదు. ఉండబట్టలేక ఫోటో తీసి అమ్మకు పంపాను. అరగంట తర్వాత గొంతు సందేశం వచ్చింది. "ఒరే చిన్నోడా, ఏందిరా ఇది? ముగ్గులేయటం నేర్చుకుంటన్నావా?" వెనకాల మా అత్తలు నవ్వుతున్నారు, ఎవరిదో కోడి అరుస్తోంది, వాటన్నిటి వెనక సముద్రం. ఆ సందేశం పదిసార్లు విన్నాను. పదోసారికి ఏడుపొచ్చింది, నవ్వుతూనే.

పదిన్నరకు షెడ్డు చుట్టూ నడిచేటప్పుడు ఆ ఆడవాళ్లు నన్ను చూస్తారని నేను ఎప్పుడూ అనుకోలేదు. ముక్కూ నోరూ కప్పి గుడ్డలు కట్టుకుని, తలలు వంచుకుని, ఎర్రటి రాశుల మధ్య కూర్చుని ఉండేవారు. కళ్లు తప్ప ఏమీ కనపడేవి కావు. వాళ్ల ఫోన్లన్నీ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి గోడ మేకులకు వేలాడుతూ ఉండేవి. పైన గోడ గడియారం ఒకటి ఎప్పుడో మూడుంబావు దగ్గర ఆగిపోయింది, దానికి బ్యాటరీ వేయించడం ఎవరి పనో ఆ స్టోరేజీలో తేలలేదు. వాళ్లందరి మీదా ఒక పెద్దావిడ, మేస్త్రమ్మ అనేవారు, నరసరావుపేట వైపు ముస్లింల ఇంటి మనిషి. తుమ్ముల రోజున యా అల్లా అన్నది ఆవిడే. ఆవిడ గొంతు మాత్రం మా ఊళ్లో కూడా చెల్లుతుంది.

ఇరవై మూడో టిక్కు పెట్టాల్సిన రోజున పొద్దున్నే మా చెల్లి వీడియో పంపింది. నాన్న పడవకు కొత్త చెక్కలు వేయించి, రంగులు వేయించి మళ్లీ నీళ్లలోకి దించారు. పల్లె పల్లెంతా ఒడ్డున ఉంది. మేనమామ "ఒక్కసారి, ఇంకొక్కసారి" అని అరుస్తూ తోయిస్తున్నాడు. అమ్మ కెమెరా వైపు తిరిగి ఏదో చెప్పబోయి, కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. వీడియో అక్కడ ఆగిపోయింది. నేను ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాను. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. నేను ఇక్కడ లేకపోతే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. నడిస్తే ఎవరికి, మానితే ఎవరికి, గోడ మీద అట్టకు తప్ప? చీటీ రాశాను, వేలు పెట్టలేదు, చదవలేదు. చేతికి అందిన హమాలీకి ఇచ్చేశాను. పదిన్నర అయింది. లేవలేదు. పదకొండు అయింది. బల్ల మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

పదకొండుంబావుకు మేనేజరుగారు అద్దాల గదిలోంచి బయటికి వచ్చి, "టీ ఏదయ్యా ఇవాళ?" అన్నారు. ఎవరికీ తెలియదు. గేటు ఎదురుగా కొట్టు పెట్టుకున్న టీ బాబాయిని పిలిపించారు. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, "నేనేం చేసేదండీ? ఆడాళ్లు లేస్తే నేను ఫ్లాస్కు నింపుకుని వస్తా. ఇయ్యాల వాళ్లు లేవలా" అన్నాడు. ఇంతలో కూలింగ్ మిషన్లు చూసే ఆపరేటరు మామయ్య తల గోక్కుంటూ వచ్చాడు. పదిన్నరకు చాంబర్ల ఉష్ణోగ్రత రీడింగు రాయడం మరిచిపోయాడట. మేనేజరుగారి సన్నటి గొంతు ఇంకా సన్నబడింది, అది ఆయన కోపం. "ఎట్టా మరుస్తావయ్యా?" అంటే ఆయన నా వైపు చెయ్యి చూపించి, "ఆ బాబు తిరుగుతా మా మిషను గది కిటికీ దాటతాడండీ. అప్పుడు లేచి రాసుకుంటా. ఇయ్యాల దాటలా" అన్నాడు. అందరూ నా వంక తిరిగారు. నాకు తల ఏ వైపు ఊపాలో తెలియలేదు.

అప్పుడే కిటికీ దగ్గర మేస్త్రమ్మ కనపడింది. రెండు చేతులూ కారంతో ఎర్రగా ఉన్నాయి, బట్టలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని నిలబడింది. మొహానికి కట్టిన గుడ్డ గడ్డం కిందకి జారింది. అంత దగ్గరగా ఆవిడ మొహం చూడటం అదే మొదటిసారి.

"ఏంది బాబూ, ఒంట్లో బాగోలేదా?" అంది.

బాగానే ఉందన్నట్టు తల ఊపాను.

"బాగుంటే తిరగలేదేంది మరి? మా చేతులకి కారం. ఫోను ముట్టుకుంటే చెంప రెండు రోజులు మండిద్ది. ఆ గడియారం చచ్చి ఏడాదయింది. నువ్వు తిరిగితేనే మాకు పదిన్నర. ఏడో చుట్టుకి లేచి చేతులు కడుక్కుంటాం. నాకంటే రోజా ఉపవాసం, టీ అక్కర్లా. వీళ్లు పొద్దున ఐదింటికి నాలుగు మెతుకులు తిని బయల్దేరినోళ్లు. నడుములు పట్టేసినా ఎవురూ లేవలా. ఆ బాబు ఇంకా రాలేదుగా, ఇంకా టైము కాలేదేమోలే అని కూచున్నారు."

ఆవిడ వెనకాల ముఠా పెద్ద నిలబడి ఉన్నాడు. చేతిలో నేను పొద్దున రాసిన చీటీ. "ఇంకోటుందండీ" అన్నాడు మేనేజరుగారితో. "చీటీ వచ్చింది గాని పిలుపు రాలా. ఈ బాబు రాసినదాన్ని మేము నమ్మం. గట్టిగా పిలిచినదాన్ని నమ్ముతాం. అందుకే ఆ లారీ దించకుండా నిలబెట్టాం."

చీటీ నా ముందు పెట్టాడు. వేలు పెట్టాను. పైకి చదవబోయి మొదటి అంకె దగ్గరే ఆగిపోయాను. మూడో చాంబరు రెండో అంతస్తు అని ఉంది. కావాల్సింది రెండో చాంబరు మూడో అంతస్తు. మళ్లీ అదే తప్పు. మూడోది. కళ్ల ముందు ఒంగోలు బస్సు, దాని వెనక మేనమామ పడవ, పడవలో నేను వంగి వాంతి చేసుకుంటూ, అన్నీ వరసగా కనపడ్డాయి. దాచినా లాభం లేదని కొట్టేసి, సరిగ్గా రాసి, లేచి నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి చదివాను. "రెండో చాంబరు! మూడో అంతస్తు! కుడి పక్క!" ముఠా పెద్ద తల ఊపి వెళ్లిపోయాడు. బయట లారీ తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది.

మేనేజరుగారు కొట్టేసిన అంకెను చాలాసేపు చూశారు. నేను ఊపిరి బిగబట్టాను (ఆ రోజున గురువు చెప్పిన ఏడు అంకెలూ దాటి ఉంటాను). "బస్తాలు లోపలికి పోలేదుగా" అన్నారు చివరికి. "పోనిదాన్ని తప్పు కింద ఎట్టా వేస్తాం?" తర్వాత కిటికీలోంచి షెడ్డు వైపు, టీ బాబాయి వైపు, ఆపరేటరు వైపు చూసి, తలపట్టుకుని, "ఏమయ్యా, ఈ స్టోరేజీ మొత్తం నువ్వు తిరిగితేనే నడుస్తందా? ముందు పోయి తిరుగు. నాకు టీ కావాలి" అన్నారు.

వెళ్లి తిరిగాను. మొదటి చుట్టుకే తలలన్నీ ఒకసారి పైకి లేచి మళ్లీ వంగాయి. అన్ని రోజులూ అలాగే లేచి ఉంటాయి, నేను కాళ్ల వంక చూసుకుంటూ నడిచి గమనించలేదు. రెండో చుట్టులో ఆపరేటరు మామయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నాలుగో చుట్టులో ఎవరో అమ్మాయి "కొంచెం బిరబిరా నడువు బాబూ, ఆకలేస్తంది" అంది. అందరూ నవ్వారు. ఏడో చుట్టుకు ఆ షెడ్డంతా ఒక్కసారి లేచింది, నడుములు విరుచుకుంటూ, కుళాయి వైపు వెళ్తూ. నేను మూలన నిలబడి ఏడ్చాను, దాచుకోకుండా ఏడ్చాను. అక్కడ ఎవరి కళ్లలో నీళ్లు కారినా కారం అనుకుంటారు. మేస్త్రమ్మ ఒక్కతే నా పక్కగా వెళ్తూ, "చేత్తో తుడుచుకోబాక, కొంగుతో తుడుచుకో" అని, నాకు కొంగు లేదని గుర్తొచ్చి నవ్వి, "సరే, చొక్కాతో తుడుచుకో" అంది.

ఆ సీజను పూర్తయ్యేదాకా ఒక్క బస్తా కూడా తప్పలేదు. ఒక్క రోజు కూడా నడక మానలేదు. జ్వరం వచ్చిన రోజున కూడా మెల్లగా నడిచాను, ఆ రోజు టీ ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఆ తర్వాత మరో రెండు సీజన్లు అక్కడే చేసి, ఇప్పుడు ఒంగోల్లో ఒక ఆఫీసులో కూర్చుంటున్నాను. గట్టిగా మాట్లాడే జబ్బు తగ్గిపోయింది. గంటకోసారి ఫోను మోగి లేచి నడవమని చెబుతుంది. మెట్ల దగ్గర్నుంచి నీళ్ల మిషను దాకా నడుస్తాను. నేను నడిచినా మానినా అక్కడ ఎవరి టీ ఆగదు. బల్లల వెనక అందరూ చెవుల్లో ఏవో పెట్టుకుని తెరల వంక చూస్తూ ఉంటారు, నేనూ అంతే. అలవాట్లు అడిగిన ఆ అమ్మాయి పుస్తకంలో ఇదంతా ఎలా రాయించాలో తెలియకే, నడుస్తానమ్మా అని ఊరుకున్నాను.

కిందటి మార్చిలో పని మీద గుంటూరు వెళ్లి, తిరిగి వస్తూ ఆ స్టోరేజీ ముందు బస్సు దిగాను. షెడ్డులో గోడకు కొత్త గడియారం ఉంది, పదిన్నరకు సైరను కూడా మోగుతుందట. మేస్త్రమ్మ ఇంకాస్త వంగిపోయింది. చేతులు అలాగే పైకెత్తి పట్టుకుని నన్ను కిందనుంచి మీదదాకా చూసి, "పొట్టొచ్చిందే బాబూ!" అని, "ఏదీ, ఒకసారి తిరుగు చూద్దాం" అంది. వద్దంటే ఊరుకుంటుందా? షెడ్డు చుట్టూ బయల్దేరాను. మూడో చుట్టుకే ఆయాసం వచ్చింది, చొక్కా తడిసింది. ఆపేద్దామనుకున్నాను గాని తలలు లేచి చూస్తున్నాయి, అందులో సగం నన్నెరగని కొత్త మొహాలు. రొప్పుతూనే ఏడూ పూర్తి చేశాను. అప్పుడు టైము మూడు దాటింది. అయినా పాతవాళ్లు లేచి కుళాయి వైపు నడిచారు, వాళ్లను చూసి కొత్తవాళ్లూ లేచారు, వాళ్లను చూసి గేటు ఎదురుగా టీ బాబాయి ఫ్లాస్కు నింపడం మొదలుపెట్టాడు.